ఎఱ్ఱని మంట, పచ్చని కూర

అన్నము ప్రధానాహారముగా గల దేశములందు ఆకుకూర లేని భోజనము అరుదు. థాయ్‌లాండులో కాలువలందును మడుగులందును విరివిగా పెరుగు ‘పక్ బుంగ్’ అను కూర మనకు క్రొత్తది కాదు. మన చెరువులలో తీగవలె ప్రాకు తూటికూరయే అది. ఇచ్చట పలువురు దానిని చూచియు చూడనట్లు దాటిపోదురు. అచ్చట అది వీధి అంగడిలోను, ఇంటి వంటశాలలోను నిత్యము వండు కూర. దానిని మండు మూకుడులో త్రుటిలో వేయించి వడ్డింతురు. ఆ వంట పేరు ‘పట్ పక్ బుంగ్ ఫై దేంగ్’. పట్ అనగా వేయించుట. ఫై దేంగ్ అనగా ఎఱ్ఱని మంట. కొన్ని పంది మాంసపు ముక్కలు చేర్చినచో అదియే అన్నముతో చక్కని భోజనమగును.

ఈ వంట విధానము ఆ దేశమునకు చైనానుండి వచ్చినది. 1767 నుండి 1782 వరకు సయామును పాలించిన తాక్సిన్ రాజు తండ్రి, దక్షిణ చైనాలోని తియోచ్యూ ప్రాంతమునుండి వలస వచ్చినవాడు. ఆ కాలమున ఆ ప్రాంతీయులు పెక్కుమంది వచ్చి స్థిరపడిరి. లోతైన ఇనుప మూకుడు, పులియబెట్టిన సోయా ముద్ద వంటివి చైనావారి వంటశాలనుండి వచ్చినవే. మిరపకాయ అమెరికా ఖండపు పంట. పోర్చుగీసువారి వర్తకము వెంట ఆసియాకు చేరినది. అచ్చటివారు తమ ‘నాంప్లా’ను, అనగా నెత్తళ్ళవంటి చిన్న చేపలను ఉప్పులో నెలల తరబడి ఊరవేసి తీసిన రసమును, వీనికి జోడించి ఈ రుచిని తమదిగా చేసికొనిరి.

ఇంత తీవ్రమైన మంట ఏల? ఆకులో నీరు అధికము. మూకుడులో నీరు నిలిచియున్నంతవరకు వేడి నూరు డిగ్రీలను మించదు. అప్పుడు కూర వేగదు, ఉడుకును. ఎక్కువసేపు ఉడికినచో ఆకులోని ఆమ్లములు పత్రహరితమునందలి మెగ్నీషియమును తొలగించును. పచ్చదనము పోయి మాసిన రంగు వచ్చును. మంట పెద్దదైనచో నీరు వెంటనే ఆవిరియై, ఆకు పచ్చగను, కాడ కరకరలాడుచును ఉండును.

ముగ్గురికి 200 గ్రాముల మాంసము, 300 గ్రాముల కూర చాలును. మాంసమును పలుచని ముక్కలుగా కోయవలెను. కూర కాడలను రెండంగుళముల ముక్కలుగా తుంచి, పలుమార్లు కడిగి, నీరు పూర్తిగా ఓడ్చవలెను. అయిదారు వెల్లుల్లి రెబ్బలను, నాలుగు మిరపకాయలను నలుగగొట్టి కూరపై వేయవలెను. దానిపైననే చెంచాడు సోయా ముద్ద, చెంచాడు ఆయిస్టర్ సాస్, అరచెంచా నాంప్లా, చిటికెడు పంచదార వేసి సిద్ధముగా ఉంచవలెను. పొయ్యి వెలిగించిన పిమ్మట సీసాలు వెదకుటకు వ్యవధి ఉండదు.

మూకుడు పొగలు వచ్చునంత కాగిన తరువాత రెండు చెంచాల నూనె పోసి, మొదట మాంసమును వేయించవలెను. లోపల ఎరుపు ఏ మాత్రమును మిగులరాదు. పచ్చిగా మిగిలిన పంది మాంసమువలన బద్దెపురుగు సోకవచ్చును. ముక్కలు అంచుల ఎఱ్ఱబడినపుడు కూరను ఒక్కసారిగా వేసి అట్లకాడతో త్రిప్పవలెను. ఆకు వాడిపోవుటకు ఒక్క నిమిషము చాలును. ఇంటి పొయ్యికి అంగడి పొయ్యివంటి బలము లేదు గనుక, ఎక్కువమందికి వండవలసినపుడు కొద్దికొద్దిగా పలుమార్లు వండుట మేలు. మాంసము తిననివారికి కూరను మాత్రమే వేయించి పెట్టవచ్చును. నాంప్లాకు బదులు సోయా రసము వాడవచ్చును.

వంటకు ముందు తెలిసికొనవలసిన విషయము మరియొకటి గలదు. ఆ కూర ఏ నీటిలో పెరిగినది? కాలుష్యము కలిసిన నీటిలోని సీసము, కాడ్మియము వంటి లోహములను తూటికూర పీల్చుకొని తనలో నిలుపుకొనును. వానిని ఎంత కడిగినను, ఎంత వేయించినను పోగొట్టలేము. నీటి మొక్కల నంటియుండు పరాన్నజీవులు సరిగా వండినచో నశించును గాని, లోహములు నశింపవు. కనుక కర్మాగారముల నీరు, ఊరి మురుగు చేరు చెరువులోని తూటికూరను కోయరాదు. శుభ్రమైన నీటిలో పెంచినదానినే ఎన్నుకొనవలెను.

పేదవాని పళ్ళెమునకు ఖర్చు లేకుండ చేరదగిన ఆకు ఇది. ఊరి చెరువు చెడినచో ఆ పళ్ళెమునుండి ఒక కూర పోయినట్లే. తూటితీగను బడిపిల్లలకు చూపునపుడు, అది పెరిగిన నీటిని గూర్చియు నాలుగు మాటలు చెప్పుట మంచిది.