స్పెక్ట్రోమీటర్ ఉన్న కాలేజీ చూసుకోండి

ఇంటర్ ఫలితాలొచ్చాక భీమడోలులో మా అరుగు మీదికి పిల్లలొస్తూ ఉంటారు. ఫిజిక్స్ పాఠాలు మానేసినా ‘మాస్టారూ’ అన్న పిలుపు మాత్రం పోలేదు. ఈ ఏడు ఓ చేపల చెరువుల రైతు కూతుర్ని వెంటబెట్టుకొచ్చాడు. “నక్షత్రాల చదువు చదువుతానంటోందండీ. ఆ కోర్సు ఏలూరులో ఉందా, తాడేపల్లిగూడెంలోనా?”

డిగ్రీలో ఆ పేరు కోసం ఊళ్లు తిరగడం దండగన్నాను. ఉస్మానియాలో ఆస్ట్రానమీ శాఖ ఉంది, అది పీజీ నాటి మాట. ఇప్పటికి ఫిజిక్స్ మేజర్, లెక్కలు మైనర్. 2023లో సింగిల్ మేజర్ పద్ధతి వచ్చాక, తేలికని వేరే మైనర్ పట్టుకుని లెక్కలు వదిలేసిన పిల్లలు నాకు తెలుసు. ఐఐటీల్లో ఎమ్మెస్సీకి జామ్ పరీక్ష రాసేటప్పుడు వాళ్లే తల పట్టుకుంటారు. నిజాం కాలేజీలో చదివిన ఖగోళ శాస్త్రవేత్త వేణు బాప్పు కూడా ముందు ఫిజిక్సే చదివాడు. 1949లో హార్వర్డ్‌లో ఉండగా తోకచుక్కను కనిపెట్టినవాళ్లలో ఒకడయ్యాడు.

“ఫిజిక్స్‌లో ఆప్టిక్స్ బోరంట కదండీ?” అంది అమ్మాయి. అక్కడ నాకు కోపమొచ్చింది.

డిగ్రీ ల్యాబులో సోడియం దీపం వెలిగించి, స్పెక్ట్రోమీటర్ గ్రేటింగ్‌లోంచి చూస్తే పసుపు గీత రెండుగా విడిపోతుంది. ఒకటి 5890 ఆంగ్‌స్ట్రాములు, రెండోది 5896. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం మన మీదుగానే వెళ్లింది. గుంటూరులో ఫ్రెంచివాడు జాన్సెన్, కొల్లేటికి అవతల మచిలీపట్నంలో మద్రాసు అబ్జర్వేటరీ పాగ్సన్ వర్ణపట దర్శినులతో కాచుకుని కూర్చున్నారు. సూర్యుడి అంచున ఎగసే జ్వాలల్లో ఓ పసుపు గీత కనబడింది. సోడియందే అనుకున్నారు చాలామంది. కాదు, అది 5876. ఆ కాస్త తేడాలోంచే హీలియం బయటపడింది. భూమ్మీద అది దొరికింది 1895లో! ఇంత కథ మన పక్కనే జరిగితే ఆ ప్రాక్టికల్‌ని రికార్డు కాపీ కొట్టి సరిపెడతారా?

“మరి ఉద్యోగం?” అన్నాడు తండ్రి. న్యాయమైన ప్రశ్నే. ఖగోళ పరిశోధనలో కొలువులు తక్కువ. ఫిజిక్స్‌కి తోడు పైథాన్ నేర్చుకుంటే టీచరు పోస్టు నుంచి డేటా పని దాకా దారులుంటాయి.

ఆప్షన్లు పెట్టేముందు ఒకసారి మీరు అనుకున్న కాలేజీకెళ్లి ఫిజిక్స్ ల్యాబు చూపించమనండి. స్పెక్ట్రోమీటర్లు బీరువాలో దుమ్ము పట్టి ఉంటే వేరే కాలేజీ చూసుకోండి.