స్థానము మారినను సాగవలసిన పని



మా పుల్లలచెరువు నల్లమల కనుమల చేరువనున్న మెట్టసీమ. ఇచ్చటి జనులు వానకై యెదురుచూచుటకు అలవాటుపడినవారు గాని వానకు వెఱచి పరుగెత్తినవారు కారు. అందుచేతనే కాబోలు, ఒక తుపాను రాత్రి మా పాఠశాల పైకప్పు కూలినప్పుడు ఏ వస్తువును ముందు మోయవలయునో మాలో నొక్కరికిని తోచలేదు. అప్పటికి నేను ఉద్యోగమున క్రొత్తవాడను. అడ్మిషను రిజిస్టరు నా యధీనమున నుండెను. బల్లలు మోసితిమి, కుర్చీలు మోసితిమి, గోడగడియారమును కండువాలో చుట్టి గుడిమంటపమునకు చేర్చితిమి. రిజిస్టర్లున్న పెట్టె తెల్లవారిన పిమ్మట జ్ఞాపకమునకు వచ్చెను. కొన్ని పుటలు నాని ముద్దయైనవి.

మఱునాడే మంటపమున బడి సాగెను. నష్టమేమియు లేదని సంతోషించితిమి. కొన్నేండ్ల తరువాత ఒక యువకుడు పుట్టినతేదీ ధ్రువపత్రమునకై వచ్చెను. ఏడవ తరగతితో చదువు మానినవా డగుటచే అతనికి వేఱొక యాధారము లేదు. చిన్న యుద్యోగము చేతి కందుచుండెను. చూడగా అతని పేరున్న పుటయే పోయినది. "అయ్యవారూ, నా పేరు మాత్రమే యెట్లు పోయినది?" అని యడిగెను. అతడు కార్యాలయముల చుట్టు తిరిగి కాగితము తెచ్చుకొనునప్పటికి గడువు దాటెను. ఆ తప్పు నాది. నాటినుండి, చోటు విడిచి పోవలసివచ్చిన సంస్థలు తమ పనిని ఎట్లు నిలుపుకొనెనో తెలిసికొనుట నాకొక వ్యసనమైనది.

మన తెలుగునాట ఇందుకు పెద్ద యుదాహరణము ఆంధ్ర విశ్వకళాపరిషత్తు. 1926లో స్థాపింపబడిన యా సంస్థ వాల్తేరున నెలకొనియుండగా, 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముపైనను కాకినాడపైనను బాంబులు వేసెను. విశాఖ జనులు మూటలు కట్టుకొని యూళ్లకు తరలిరి. పరిషత్తు భవనములు సైన్యము చేతికి పోయెను. పరిషత్తు గుంటూరునకు తరలి, 1946లో మరల వాల్తేరు చేరెను. అప్పటి వైస్ ఛాన్సలరు కట్టమంచి రామలింగారెడ్డిగారు. తెగనున్న చెరువుకట్టకై ప్రాణమిచ్చిన యిల్లాలి కథను 'ముసలమ్మ మరణము'గా వ్రాసిన కవి వారే యగుట నాకు ఎప్పుడును విచిత్రముగా తోచును.

ఆ సంస్థ చేయు పను లన్నియు ఒక్క తరగతివి కావు. వాల్తేరులోని విద్యార్థులకు పాఠము చెప్పుట యొకటి. జిల్లాలలోని అనుబంధ కళాశాలలకు పాఠ్యక్రమము నిర్ణయించి, పరీక్షలు జరిపి, ఫలితములు ప్రకటించి, పట్టము లిచ్చుట రెండవది. పాఠము పదునైదు దినము లాగినను తిరిగి చెప్పవచ్చును. మార్కుల పట్టిక పోయినచో దానిని తిరిగి వ్రాయుట యెవరి తరము? వాల్తేరును కన్నులార చూడని విద్యార్థి బ్రదుకు కూడ ఆ పట్టికలో నుండును. ఇక ప్రయోగశాల సంగతి వేఱు. వ్యాకరణ పండితుడు పుస్తకము చంకబెట్టుకొని యే చెట్టుక్రిందనైన కూర్చుండగలడు. రసాయనశాస్త్రమునకు నీటికొళాయి, త్రాసు, గాజుసామగ్రి కావలయును. కావున తరలబోవు చోటు ముందుగా చూచుకొనవలయును. గుంటూరు రైలు సౌకర్యము గల పట్టణము. 1885 నుండి ఆంధ్ర క్రైస్తవ కళాశాల యచ్చట నున్నది. చదువుల వాడుక గల యూరిలో వచ్చినవారికి ఆదరము దొరకును.

ఆ దినములలోనే చెన్నపట్టణమునుండి ప్రభుత్వ కార్యాలయములు పెక్కు లోపలి జిల్లాలకు చెదరెను. హైకోర్టు కోయంబత్తూరునకు పోయెను. కోర్టు తరలినంతమాత్రమున కక్షిదారుని గడువు తనంతట తాను జరుగదు. పొడిగించినచో ఆ సంగతియు, క్రొత్త తావు పేరును అతని చెవి కెక్కవలయును. పాత తలుపుమీద అంటించిన చిన్న కాగితము, తపాలాకచ్చేరికి పంపిన యొక జాబు, బండెడు సామానుకన్న ఎక్కువ పనిచేయును.

కాబట్టి ఆపద రాకముందే, తీరికగా నున్న దినమున, పెద్దలు కూర్చుండి యోచింపవలసినది ఇది: ఒక్కదిన మాగిన చెడునది యేది, నెల యాగినను చెడనిది యేది, పోయిన మరల రానిది యేది? మూడవదానికి నకలు వేఱొక యూరిలో నుండవలయును. సంతకము చేయు నధికారము, ముద్ర, తాళపుచెవి, ఇవి యొక్కని మొలలో నుండి, అతడు వాగు కావలి యొడ్డున చిక్కుకొన్నచో తక్కినవా రేమి చేయుదురు? రెండవవాని పేరు ముందే కాగితముమీద నుండవలయును.

ఇప్పు డన్నియు కంప్యూటరులో నున్నవి గదా యని కొందఱందురు. యంత్రమును దాని నకలును ఒక్క బీరువాలో నుంచిన ఫలమేమి? 2009 అక్టోబరు 2వ తేదీన వరద కర్నూలు పట్టణమును ముంచినప్పుడు, నేలయంతస్తు గదులలో క్రింది అర పై అర యను భేదము నీటికి లేకపోయెను.

ఆ యువకుడు పోయిన వారమే నేను నాని మిగిలిన పుటలను ఆరబెట్టి, పాత హాజరుపట్టీలను వెదకి, తెలిసినంతవఱకు రిజిస్టరుకు నకలు వ్రాసితిని. నెల దినములు పట్టెను. దానిని ప్రక్కయూరి పాఠశాలలో నుంచి, ఏటేట క్రొత్త పేర్లు చేర్చుచుంటిని. ఉద్యోగవిరమణ నాడు అప్పగింత జాబితాలో మొదటి పంక్తిలో దానిని వ్రాసితిని; గోడగడియారము చివరిపంక్తిలో చేరెను.