పొగను దూరమునుండి కొలుచుట ఎట్లు?

హైదరాబాదు పోయినపుడు మీలో పలువురు సనత్‌నగర్ మీదుగా ప్రయాణము చేసియుందురు. అది చిరకాలముగా ఫ్యాక్టరీల పేట. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రధాన కార్యాలయము అక్కడి పారిశ్రామికవాడలోనే ఉన్నది. రాత్రింబవళ్లు గాలిని పరీక్షించు కేంద్రము కూడ సనత్‌నగర్‌లో కలదు. కాని ఆ యంత్రములు తమ వద్దకు వచ్చిన గాలినే చూడగలవు. ఎత్తున పరచుకొన్న ధూళిని చూచుటకు వెలుతురే సాధనము.

సనత్‌నగర్ ప్రక్కనే బాలానగరులో జాతీయ దూరసంవేదన కేంద్రమున్నది. అచ్చటి శాస్త్రజ్ఞులు లైడారు అను పరికరముతో నగరముపైని ధూళిని కొలిచిరి. లేసరు కిరణమును క్షణకాలము ఆకాశములోనికి పంపుదురు. ధూళికణములు దానిలో కొంత వెనుకకు చిమ్మును. కిలోమీటరున్నర ఎత్తునుండి ఆ వెలుగు తిరిగివచ్చుటకు సెకనులో లక్షవ వంతు పట్టును. కాలమునుబట్టి ఎత్తు, తిరిగివచ్చిన వెలుగునుబట్టి ధూళి సాంద్రత అంచనా కట్టుదురు. తిరుపతి సమీపమున గాదంకిలో ఇట్టి పరికరమును 1998లో జపాను సహకారముతో నెలకొల్పిరి. సామాన్యమైన లైడారుకు ఫ్యాక్టరీ పొగ, మనము గడ్డి తగులబెట్టిన పొగ అను భేదము తెలియదు సుమా!

అంత ఖరీదు లేని ఉపాయమొకటి ఉన్నది. దానిని 19వ శతాబ్దము చివర కనిపెట్టిన రింగెల్మన్ ఫ్రాన్సు దేశపు వ్యవసాయ ఇంజనీరు. తెల్లని అట్టమీద నిలువుగను అడ్డముగను 10 మిల్లీమీటర్ల కొకటి చొప్పున నల్లగీతలు గీయవలెను. గీత మందము 1 మి.మీ. అయిన 1వ నెంబరు, 2.3 అయిన 2, 3.7 అయిన 3, 5.5 అయిన 4. మచ్చలేని తెలుపు 0, పూర్తి నలుపు 5. అట్టను 50 అడుగుల దూరమున నిలిపినచో గీతలు కలిసి బూడిదరంగుగా కనిపించును. సూర్యుడు మీ వెనుక నుండునట్లు నిలిచి, చిమ్నీ కొననుండి వెడలు పొగను దానితో పోల్చుడు. తెల్లని ఆవిరిని లెక్కించరాదు. అది కొద్ది దూరములోనే మాయమగును.

ఈ అట్ట నల్లపొగకే పనికివచ్చును. గంధకపు వాయువునకు రంగు లేదు. అది ఆకు రంధ్రములగుండా లోనికి పోయి, ఈనెల నడుమ పత్రమును తెల్లబరచును. కావున చిమ్నీ సమీపమున పైరు పాడైనపుడు తేదీ, వేళ, గాలి వీచు దిక్కు, పొగ నెంబరు, ఆకుల తీరు ఒకే పుస్తకములో వ్రాసియుంచుడు. 1981 నాటి వాయు చట్టము క్రింద తనిఖీ చేయువారు మండలి అధికారులు. "పొగ ఎక్కువ" అను అర్జీకన్న పది దినముల ఈ లెక్క వారికి ఎక్కువ ఉపయోగపడును. గ్రామాధికారులు ఇటువంటి అట్ట నొకటి చావడిలో ఉంచవచ్చును.