చంటిపిల్లకి దిండు కుట్టకండి

మా మనవరాలు పుట్టకముందే దానికో దిండు కుట్టి పెట్టుకున్నాను. పైన పాత బరంపురం పట్టు గుడ్డ, లోపల దూది, నడుమ రెండు గుప్పిళ్ళ ఆవాలు. ముప్పై ఏళ్ళు మిల్లులో వైండింగ్ సెక్షన్లో దారం పట్టిన చేతులివి. దిండు కుట్టడం నాకొకరు నేర్పాలా అనుకున్నాను. ఆ దిండు మీదే పిల్ల ప్రాణం పోబోయింది. అందుకే ఇది రాస్తున్నాను. నేను చదివింది అయిదో క్లాసు. తప్పులుంటే మీరే సర్దుకోండి.

మా కోడలు ముందే చెప్పింది. "అత్తా, దిండు వద్దని ఆశా దీది చెప్పింది కదా" అంది. "ఆ పిల్లకేటి తెలుసే, నేను నలుగుర్ని పెంచాను" అన్నాను. కోడలు మరి మాటాడలేదు. మన ఇళ్ళలో అత్త ఒక మాటంటే కోడలు ఎంతసేపని వాదిస్తుంది?

సంక్రాంతి వెళ్ళిన వారం అది. పిల్లకి రెండున్నర నెలలు. తెల్లారగట్ల చలి. కోడలు స్నానానికి వెళ్ళింది. పిల్ల కడుపు ఉబ్బి ఒకటే ఏడుపు. బోర్లా పడుకోబెడితే గాలి పోతుందని మా అమ్మ అనేది. అలాగే చేశాను. పెద్దవాళ్ళ పరుపు మీద మెత్తగా ఉండాలని రెండు దుప్పట్లు మడతేసి, నా దిండు పెట్టి, సూరత్‌లో మగ్గం మీద పని చేసే మా పెద్దోడు పంపిన బొచ్చు దుప్పటి మెడదాకా కప్పాను. పిల్ల ఊరుకుంది. ఈలోగా కుళాయి వచ్చింది. రెండు బిందెలు పట్టి వచ్చేసరికి పిల్ల మొహం దిండులోకి దిగబడిపోయి ఉంది. ఎత్తి చూస్తే పెదాలు నీలం. వీపు రాశాను, అరికాలు గిల్లాను. ఎంతసేపో తెలీదు. ఒక్కసారి ఎగపీల్చి ఏడ్చింది. ఆ ఏడుపు వినేదాకా నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు.

ఆటోలో ఆసుపత్రికి పరిగెత్తాం. ఒక రోజంతా ఉంచుకుని, పిల్ల బాగానే ఉందని పంపించారు. అక్కడి డాక్టరమ్మ ఒడియాలో అన్నీ అడిగింది. ఏం పరిచారు, ఏం కప్పారు, ఎలా పడుకోబెట్టారు అని. నేనే చెప్పాను, దాచలేదు. ఆవిడ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

ఆవిడ చెప్పింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. మూడు నాలుగు నెలల లోపు పిల్లకి తల బరువు, మెడ బలం తక్కువ. మొహం మెత్తటి దాంట్లో దిగబడితే తిప్పుకోలేదు. ముక్కు పూర్తిగా మూసుకుపోనక్కర్లేదు. తను వదిలిన గాలే ఆ గుంటలో నిలిచిపోయి, మళ్ళీ అదే పీలుస్తుంది. అందులో ప్రాణవాయువు తగ్గిపోతూ ఉంటుంది. పెద్దవాళ్ళమైతే ఉక్కిరిబిక్కిరై లేచి కూర్చుంటాం. చంటిపిల్ల అలా లేవలేదు. చప్పుడు కూడా ఉండదు. పక్క గదిలో ఉన్న మనం, హమ్మయ్య పడుకుంది అనుకుంటాం.

అందుకని పగలైనా రాత్రయినా వెల్లకిలానే పడుకోబెట్టాలి. కిందిది బల్లలా చదునుగా, గట్టిగా ఉండాలి. పిల్ల చుట్టూ ఏమీ ఉండకూడదు. ఏడాది నిండేదాకా దిండే వద్దు.

వెల్లకిలా పడుకుంటే పాలు కక్కి గొంతుకి అడ్డం పడవా అని నేనూ అడిగాను. మీరూ అడుగుతారు. డాక్టరమ్మ చేత్తో చూపించి చెప్పింది. వెల్లకిలా ఉన్నప్పుడు గాలిగొట్టం పైన ఉంటుంది, పాలు దిగే గొట్టం కింద ఉంటుంది. కక్కిన పాలు పైకెక్కి గాలిగొట్టంలో పడడం కష్టం. బోర్లా ఉంటేనే గాలిగొట్టం కిందికొస్తుంది. పాలు పట్టాక భుజాన వేసుకుని తేన్పు వచ్చాక పడుకోబెడితే సరిపోతుంది.

ఇది మన పేదోళ్ళ ఇళ్ళ తప్పే అనుకోకండి. మావాడు ఫోన్లో చదివి వినిపించాడు. ఇంగ్లండు, అమెరికాల్లో ఒకప్పుడు డాక్టర్లే బోర్లా పడుకోబెట్టమని చెప్పేవాళ్ళట. తర్వాత లెక్కలు తీసి చూస్తే, నిద్రలో ఏ కారణమూ తెలియకుండా పోయిన పిల్లల్లో బోర్లా పడుకున్నవాళ్ళే ఎక్కువగా కనిపించారు. 1992లో అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం మాట మార్చింది. 1994లో అక్కడ ఊరూరా వెల్లకిలా పడుకోబెట్టండని ప్రచారం చేశారు. ఆ తర్వాత కొన్నేళ్ళలో అలాంటి చావులు సగానికి పైగా తగ్గాయి. మందు లేదు, సూది లేదు. పిల్లని తిప్పి పడుకోబెట్టడమే. అదే అమెరికాలో ఏటవాలుగా పడుకోబెట్టే ఊయల కుర్చీలు 47 లక్షలు అమ్ముడుపోయాక, ముప్పైకి పైగా పిల్లలు వాటిలో చనిపోయారని తేలి 2019లో వెనక్కి తీసుకున్నారు. తొట్టి లోపల చుట్టూ కట్టే మెత్తలని 2022లో చట్టం చేసి మరీ ఆపేశారు. దుకాణంలో అమ్ముతున్నారంటే మంచిదే అయి ఉంటుందని నేనూ అనుకునేదాన్ని.

ఇక నాకు తెలిసిన సంగతికి వస్తాను. గుడ్డా దూదీ.

ఆ దిండులో నేను పెట్టింది మిల్లు వేస్టు దూది. కార్డింగ్ దగ్గర రాలిన దూది మూట ఒకటి ఏనాటి నుంచో అటక మీద ఉంది. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు మా రేకులు లేచిపోయి ఆ మూట తడిసింది. ఎండబెట్టి దాచాను. మనకి పారేసే అలవాటు లేదు కదా. కానీ ఆ దూదిలో ఏముంటుందో మనకి తెలియదా? పొట్టు, నలక, దుమ్ము. సెలవు రోజు ఇంట్లో ఉండి మర్నాడు డ్యూటీకి వెళ్తే ఛాతీ పట్టేసేది, గుర్తుందా? పెద్దవాళ్ళ ఊపిరితిత్తులే తట్టుకోలేని దుమ్ము అది. దాన్ని సంచిలో కుట్టి పిల్ల ముక్కు కింద పెట్టాను. తడిసి ఆరిన దూదికి బూజు కూడా ఉంటుంది. విప్పి చూస్తే నల్లగా ముద్దలు కట్టి ఉంది.

బూరుగు దూది మంచిది కదా అంటారు. నునుపు, చల్లన, నిజమే. కానీ అదీ దిగబడుతుంది. ఏ దూదైనా మెత్తగా ఉండడమే తప్పు. పరుపు పరీక్షకి నేనొకటి చేస్తాను. మూడు కిలోల బియ్యం సంచి ఒక పక్కన పావుగంట ఉంచి తీయండి. గుంట అలాగే ఉండిపోతే ఆ పరుపు పిల్లకి పనికిరాదు. నులక మంచం, నవారు మంచం నడుమ జోలెలా వంగుతాయి, అవీ వద్దు.

మరి దేని మీద పడుకోబెట్టాలి? మన బొంత మీద. ఒడియావాళ్ళు కంథా అంటారు. పాత నూలు చీర నాలుగైదు మడతలు, దగ్గర దగ్గర కుట్లు. చాప మీద బొంత లాగి పరిస్తే డాక్టరమ్మ చెప్పిన గట్టి పడక అదే. డబ్బు ఖర్చు లేదు. బొంత మీద పలుచటి నూలు గుడ్డ పరిచి అంచులు కిందికి దోపండి. పక్క తడుస్తుందని రబ్బరు షీటు వేస్తే అది ఆ గుడ్డ కిందే ఉండాలి. కేరీబ్యాగు లాంటి పలుచటి ప్లాస్టిక్ మాత్రం పిల్ల దగ్గరికే రానివ్వద్దు.

దారం పోగుల గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఎవరూ చెప్పరు కాబట్టి. సన్న దారం ఎలా కోస్తుందో మన వేళ్ళకి తెలుసు. ఇరవై కౌంటు కన్నా అరవై కౌంటు సన్నం, లాగితే వేలిలోకి దిగిపోతుంది. పాత చీర అంచు నుంచి వూడిన పోగు, మేజోడు లోపలి పోగు, పురుడయ్యాక రాలే తల్లి వెంట్రుక పిల్ల కాలివేలికి చుట్టుకుంటే నెత్తురు ఆగి వేలు వాచిపోతుంది. పిల్ల ఎందుకేడుస్తుందో తెలియకపోతే మేజోళ్ళు తీసి వేళ్ళు ఒక్కొక్కటీ చూడండి. తొడిగే ముందు లోపలి వైపు తిప్పి పోగులు కత్తిరించండి. జరీ అంచు ఉన్న గుడ్డ అసలే వద్దు.

సూరత్ నుంచి మన పిల్లలు పంపే బొచ్చు దుప్పట్లు పెద్దవాళ్ళు కప్పుకోండి. అది పాలిస్టరు. చెమట పీల్చదు, వేడి వదలదు. పిల్ల కాళ్ళు కొట్టుకుంటే మొహం మీదికి వస్తుంది. చలికి దుప్పటి కన్నా ఒంటికి ఒక చొక్కా ఎక్కువ తొడగడం మేలు. చేతులు చల్లగా ఉన్నాయని కంగారు పడకండి. మెడ వెనక, పొట్ట మీద చెయ్యి పెట్టి చూడండి. అక్కడ చెమట ఉంటే ఎక్కువ కప్పినట్టే. బరువు తక్కువగా, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల సంగతి వేరు, వాళ్ళకి ఆసుపత్రిలో ఎలా చెప్తే అలా చెయ్యండి.

తల గుండ్రంగా రావడానికి ఆవాల దిండు అంటారు. ఒక రోజు తల కుడికి, ఒక రోజు ఎడమకి తిప్పి పడుకోబెట్టండి. మెలకువగా ఉన్నప్పుడు మన కళ్ళ ముందు కాసేపు బోర్లా వేసి ఆడించండి. తల బాగానే వస్తుంది. మా మనవరాలిది వచ్చింది.

చీర ఉయ్యాల మానమని చెప్తే నన్ను కొడతారు. బారసాల నాడు, అదే మన ఒడియా పక్కింటివాళ్ళ ఏకోయిసియా నాడు, ఉయ్యాల లేకుండా ఎలా? ఊపండి, పాడండి. కానీ చీరలో పిల్ల వంగిపోయి గడ్డం గుండెకి ఆనుకుంటుంది, ఊపిరి ఇరుకవుతుంది. నిద్రపోగానే తీసి బొంత మీద వెయ్యండి.

అసలు చిక్కు ఒక్క గది ఇళ్ళది. పిల్లని తల్లి గదిలోనే, తల్లి చెయ్యి అందేంత దూరంలో, దాని పడక మీద అది పడుకోవాలని డాక్టర్లు అంటారు. నలుగురం ఆరుగురం వరసగా పడుకునే చోట ఇదెలా అని నేను చాలా ఆలోచించాను. మా ఇంట్లో ఇలా చేశాం. చాప మీద తల్లి, తల్లికి అవతల పిల్ల బొంత విడిగా, నడుమ జానెడు ఖాళీ. పిల్లకి రెండో పక్క ఎవరూ లేరు. గోడకి ఆనించలేదు, సందులో ఇరుక్కుంటుందని. తాగి వచ్చినవాళ్ళు, బీడీ తాగేవాళ్ళు పిల్ల దగ్గర పడుకోకూడదు. ఈ మాట మా ఇంట్లో మగాడికి చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. చెప్పాను. ఆయన వసారాలోకి మారాడు.

దోమతెర మాత్రం మానకండి, మన జిల్లాలో దోమలకి లోటా? బిగించి కట్టి అంచులు చాప కింద దోపండి. బజారులో గొడుగులా తెరుచుకునే తెరతో పాటు చిన్న దిండూ మెత్తటి పరుపూ ఇస్తారు. తెర వాడుకోండి. ఆ రెండూ తీసెయ్యండి.

ఆసుపత్రిలో పురుడైతే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆశా దీది ఇంటికి రావాలి. పిల్లని తూచి వెళ్ళిపోనివ్వకండి. పడక చూపించి, ఇది సరేనా అని అడగండి. నాలాగా ఆ పిల్లకేటి తెలుసు అనకండి.

ఆ రోజు గురించి మా కోడలు ఇప్పటిదాకా నన్ను ఒక్క మాట అనలేదు. దిండు విప్పి దూది తగలబెట్టేశాను. ఆవాలు కుండీలో చల్లాను, నాలుగు మొక్కలు వచ్చాయి. పోయిన నెల పక్క వీధి అమ్మాయి కడుపుతో వచ్చి "పిన్నీ, నీ చెయ్యి మంచిది, పిల్లకో దిండు కుట్టి పెట్టు" అంది. దాని చేత రెండు పాత నూలు చీరలు తెప్పించుకున్నాను. బొంత సగం కుట్టడం అయింది. కుట్లు ఇంకా దగ్గరగా వెయ్యాలి, నా కళ్ళు మునపట్లా లేవు.