కేసరిపప్పు - ఆడవారి నరములు

కందిపప్పులో కేసరిపప్పు కలిపి అమ్ముదురను మాట గూడూరు మొదలు ఏ యూరి గృహిణికిని క్రొత్త గాదు. కరవుదినములలో వేఱు తిండి దొరకక నెలల తరబడి దానినే తిన్నవారికి కాళ్లు బిగిసిపోయి, కఱ్ఱ యూతలేక నడచుట దుర్లభమగును. అందలి విషమును 1964లో బెంగుళూరు భారతీయ విజ్ఞానసంస్థయందు ఎస్.ఎల్.ఎన్. రావు, పి.ఆర్. అడిగ, పి.ఎస్. శర్మగార్లు వేఱుపఱచిరి. అయినను ఒక చిక్కు మిగిలెను. ఒక్క కుండలోని కూడే తినుచుండగా ఆడవారికంటె మగవారేల యెక్కువగా కుంటువడుదురు?

ఈ చిక్కును విప్పుటకు దారి చూపినవారు విజయలక్ష్మీ రవీంద్రనాథ్ గారు. ఆమె బి.ఎస్‌సి., ఎం.ఎస్‌సి. పట్టములు మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఇచ్చినవే. 1981లో మైసూరు విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టమంది, 1986లో బెంగుళూరు నిమ్‌హాన్స్‌లో చేరిరి. ఆ విషము నాడీకణములకు శక్తినొసగు మైటోకాండ్రియాలను ముందుగా చెఱచునని 1998లో ఆమె బృందము ప్రకటించెను. చిత్రమేమన, ఆడ చిట్టెలుకలకు ఆ కీడు సోకలేదు! గ్లూటారెడాక్సిన్ అను రక్షక మాంసకృత్తు వానియందు అధికము. ఈస్ట్రోజెన్ పనిని మందుతో అడ్డగింపగా ఆ మాంసకృత్తు తగ్గెను, రక్షణయు తొలగెనని 2006లో తేలినది. పార్కిన్సన్ వ్యాధి వంటిది కలిగించు విషమునుండియు ఆడ చిట్టెలుకలను ఇదియే కాపాడునని అంతకు రెండేండ్ల ముందే వారు చూపియుండిరి.

ప్రయోగశాలలలో చిరకాలము మగ జంతువులనే పరీక్షించుట వాడుక. ఆడవానిని గూడ చూడవలెనని తోచుటయే ఇందు సగము పని యని నా తలపు.

1996లో ఆమెకు భట్నాగర్ బహుమానము, 2010లో పద్మశ్రీ లభించినవి. మానేసరులోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రమునకు ఆమెయే తొలి డైరెక్టరు. పిదప బెంగుళూరున స్థాపించిన మెదడు పరిశోధన కేంద్రము ద్వారా, తెలుగు మాటాడువారు పెక్కండ్రు గల కోలారు జిల్లా శ్రీనివాసపురపు పల్లెలలో నలువదియైదేండ్లు దాటిన స్త్రీపురుషుల జ్ఞాపకశక్తిని ఏండ్ల తరబడి పరిశీలించు కార్యమును ఆరంభించిరి.