ద్రాక్షసారాలో కోడిపుంజు

మన యానాంను 1954 వరకు ఏలిన ఫ్రెంచివారి దేశంలో పేరుపొందిన ఇంటివంట ‘కోకోవాఁ’. ముదురు పుంజును ముక్కలు కోసి, ఉల్లి, కారెట్లతో ఎర్ర ద్రాక్షసారాలో రాత్రంతా నానవేస్తారు. మరునాడు ముక్కలు తుడిచి, ఎర్రగా వేయించి, కాస్త పిండి చల్లి, ఆ సారానే పోసి మూతపెడతారు. సన్నని సెగమీద రెండు మూడు గంటలుంచాలి, కుతకుతలాడరాదు. అప్పుడే గట్టి కండలోని పీచు జిగురుగా కరిగి, రసం చిక్కబడుతుంది. లేతకోడికి ముప్పావుగంట చాలు.

మత్తంతా ఆవిరైపోతుందనుకోరాదు. గంట ఉడికినా సుమారు నాలుగోవంతు, రెండున్నర గంటలకు ఇరవయ్యోవంతు మిగులుతుందని అమెరికా వ్యవసాయశాఖ పట్టిక. కనుక సారా ముట్టని పెద్దలకు, పిల్లలకు, గర్భిణులకు దీన్ని వడ్డించరాదు. వారికి కోడి ఉడికిన నీళ్లతో, చివర నిమ్మరసం పిండి, వేరే గిన్నెలో వండిపెట్టడమే మర్యాద.