ఫిజియోథెరపిస్టును ఎంచుకునే ముందు అడగాల్సిన ప్రశ్నలు

పుదుచ్చేరి బీచ్ రోడ్డుకు ఉత్తరాన ఉన్న వైతికుప్పం మత్స్యకారుల వాడ. మాసి మగం నాడు చుట్టుపక్కల ఊళ్ళ ఉత్సవమూర్తులు సముద్ర స్నానానికి తరలివచ్చే తీరం అది. మిగతా రోజుల్లో అక్కడి పని వల లాగడం, పడవ నెట్టడం, చేపల గంపలు ఎత్తడం. భుజం పట్టేస్తే వేట ఆగుతుంది. వేట ఆగితే ఇల్లు గడవదు. అలాంటి కుటుంబానికి ఫిజియోథెరపీ మీద పెట్టే ప్రతి రూపాయీ, పోయే ప్రతి పూటా లెక్కే. అందుకే అర్హత ఉన్న మనిషిని వెతకడం ముఖ్యం.

ఇక్కడే చిక్కు ఉంది. డాక్టర్లు, నర్సులు, ఫార్మసిస్టుల నమోదుకు దేశమంతటికీ వర్తించే చట్టాలు దశాబ్దాలుగా ఉన్నాయి. ఫిజియోథెరపీకి 2021 వరకూ అలాంటిది లేదు. ఢిల్లీ, మహారాష్ట్ర వంటి కొన్ని చోట్ల మాత్రమే సొంత కౌన్సిళ్ళు ఉండేవి. 2021లో పార్లమెంటు జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం చేసింది. ఫిజియోథెరపీని ఒక ప్రత్యేక వర్గంగా అందులో చేర్చింది. రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలు కౌన్సిళ్ళు పెట్టి అర్హుల పేర్లు నమోదు చేయాలన్నది చట్టం ఉద్దేశం. అమలు నత్తనడకన సాగడంతో, 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు జోక్యం చేసుకుని గడువు పెట్టాల్సి వచ్చింది.

అంటే 'లైసెన్స్' అన్న మాట ఈ రంగంలో ఇంకా కుదురుకుంటున్నది. బోర్డు మీద ఆ మాట కనిపించగానే నమ్మేయకుండా మూడు విషయాలు విడివిడిగా అడగాలి.

మొదటిది డిగ్రీ. ఫిజియోథెరపిస్టుకు కనీస అర్హత బీపీటీ, అంటే బ్యాచిలర్ ఆఫ్ ఫిజియోథెరపీ. ఇన్నాళ్ళూ అది నాలుగేళ్ళ చదువు, ఆపైన ఆరు నెలల ఇంటర్న్‌షిప్. 2025లో కమిషన్ విడుదల చేసిన కొత్త పాఠ్యప్రణాళిక దాన్ని ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదేళ్ళు చేసింది. ఎంపీటీ ఆపై చదువు. కొద్ది నెలల సర్టిఫికెట్ కోర్సు, మసాజ్ శిక్షణ, జిమ్ ట్రైనర్ అనుభవం దీనికి సాటిరావు. ఏ కాలేజీ, ఏ విశ్వవిద్యాలయం, ఏ సంవత్సరం అని అడగడంలో తప్పు లేదు.

రెండోది నమోదు. ప్రభుత్వ కౌన్సిల్ ఇచ్చిన నంబరు వేరు, వృత్తి సంఘం సభ్యత్వ నంబరు వేరు. ఇండియన్ అసోసియేషన్ ఆఫ్ ఫిజియోథెరపిస్ట్స్ వృత్తి నిపుణులు స్వచ్ఛందంగా చేరే సంఘం. అందులో సభ్యత్వం మంచిదే గానీ అది లైసెన్స్ కాదు. నంబరు చూపినప్పుడు ఎవరిచ్చారో కూడా అడగాలి.

మూడోది పేరు ముందున్న 'డాక్టర్'. ఫిజియోథెరపిస్టులు ఇలా రాసుకోవచ్చా అన్న వాదన తేలలేదు. 2025 సెప్టెంబరులో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ వద్దంటూ లేఖ రాసి, వెంటనే దాన్ని వెనక్కి తీసుకుంది. కాబట్టి పేరుకు ముందున్న మాట కంటే వెనకున్న అక్షరాలు చూడాలి. ఎంబీబీఎస్, బీపీటీ రెండు వేర్వేరు చదువులు.

పుదుచ్చేరిలో వెతుకులాట ప్రభుత్వ ఆస్పత్రి నుంచి మొదలుపెట్టడం తేలిక. పట్టణంలో ఇందిరాగాంధీ ప్రభుత్వ జనరల్ ఆస్పత్రి ఉంది. గోరిమేడు వైపు జిప్‌మర్‌లో పునరావాస వైద్య విభాగం ఉంది. ప్రభుత్వ ఆధ్వర్యంలోని మదర్ థెరెసా సంస్థ బీపీటీ చదువే చెబుతుంది. ఇలాంటి చోట ఒకసారి పరీక్ష చేయించుకుని, ఏ వ్యాయామాలు ఎన్నాళ్ళు చేయాలో రాయించుకుంటే, తర్వాత ఇంటి దగ్గరి క్లినిక్‌లో జరిగేది సరైనదో కాదో పోల్చి చూసుకోవచ్చు.

మంచి థెరపిస్టు మొదటి రోజే యంత్రం తగిలించడు. నొప్పి ఎప్పుడు మొదలైంది, రోజూ చేసే పనేమిటి అని అడుగుతాడు. కీలు ఎంతవరకు తిరుగుతోందో, కండరానికి ఎంత బలముందో చూసి రాసుకుంటాడు. ఇన్ని వారాల్లో ఇంత మార్పు రావాలని చెబుతాడు. ఇంట్లో చేయాల్సినవి నేర్పుతాడు. కొలతలేవీ లేకుండా రోజూ కరెంటు పెట్టి పంపడం, ముందే నెల రోజుల ప్యాకేజీ కట్టించుకోవడం అనుమానించాల్సిన లక్షణాలు.

800 కిలోమీటర్లకు పైగా దూరంలోని యానాం కూడా పుదుచ్చేరిలో భాగమే. అక్కడి నుంచి వచ్చే తెలుగు రోగికి భాష కూడా ముఖ్యమే. వ్యాయామం తప్పుగా అర్థమైతే మేలు కంటే హానే ఎక్కువ. తోడు వచ్చినవాళ్ళు అనుమతి తీసుకుని వ్యాయామాన్ని ఫోన్‌లో వీడియో తీసుకోవడం మంచిది.

కొన్ని లక్షణాలుంటే ముందు వైద్యుడి దగ్గరికే వెళ్ళాలి. నడుము నొప్పితో పాటు మలమూత్రాల మీద అదుపు తప్పడం, జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, ఆపరేషన్ తర్వాత పిక్క వాచి నొప్పెట్టడం, ఒక పక్క చేయీ కాలూ ఉన్నట్టుండి పడిపోవడం ఇందులోకి వస్తాయి. ఇలాంటి రోగిని చూడగానే ఆస్పత్రికి పంపే థెరపిస్టు తన పని సరిగ్గా చేస్తున్నట్టే.